నవమినాటి కాల్

వీరయ్య మాస్టారు పోగేసిన మాటలు పోయిన సంగతి విజయదశమి మర్నాడు బయటపడింది.

మాస్టారు పోయి అప్పటికి మూడో నెల. ఆయన భార్య రాఘవమ్మ ఆ ఉదయం గురజాల నుంచి బస్సులో నరసరావుపేట వచ్చి నాగులేరు ప్రచురణాలయం మెట్లెక్కింది. వచ్చే మాసికానికి భర్త పుస్తకంలోని నాలుగు పేజీలు ఆయన పటం ముందు పెట్టుకోవాలని ఆమె కోరిక. యజమాని పున్నారావు ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, ఆ పేజీలు అచ్చు తియ్యమని కొడుకు వంశీకృష్ణకు చెప్పాడు. వంశీకృష్ణ కంప్యూటరు ముందు చాలాసేపు కూర్చున్నాడు. చివరికి తల తిప్పకుండానే, "నాన్నా, ఇందులో లేదు" అన్నాడు.

ఆ పుస్తకం పల్నాటి పదకోశం. మాస్టారు బడి సెలవుల్లో ఊరూరా తిరిగి, అరకలు కట్టేవాళ్ళ దగ్గర, పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర, మిరపకాయలు కోసే ఆడవాళ్ళ దగ్గర విన్న మాటలన్నీ అట్టముక్కల మీద రాసుకొచ్చారు. ఒక్క గుంటకకే, దానిలోని ప్రతి కర్రకూ మేకుకూ ఉన్న పేర్లతో ఒక పేజీ నిండింది. ప్రతి మాట కిందా అది చెప్పిన మనిషి పేరు, ఊరు రాసేవారు. ఆ అట్టముక్కలు చూసి మాచవరంలో పూర్ణిమ అనే అమ్మాయి తన ఇంట్లోనే కూర్చుని టైపు చేసింది. టైపు చేసిందంతా ఫోను తీగ మీదుగా నరసరావుపేట ఆఫీసు కంప్యూటర్లోకి చేరింది. మాస్టారు పోయినప్పుడు రాఘవమ్మ ఆ అట్టముక్కలన్నీ మూటగట్టి చితి మీద ఆయన పక్కనే పెట్టించింది.

"కంప్యూటర్లో ఉందిగా అనుకున్నా. ఆయన చేతిరాత ఆయనతోనే పోనీ అనుకున్నా" అంది ఆమె ఆ ఉదయం, ఎవరూ అడగకుండానే. "నా చేతులారా నేనే కాల్చుకున్నా."

ఆ సాయంత్రమే పున్నారావు మార్కెట్ సెంటర్లో విత్తనాల కొట్టు మీది గదికి వచ్చాడు. డిటెక్టివ్ బాలశౌరి ఉండేది ఆ గదిలోనే.

బాలశౌరి ఒకప్పుడు గురజాల కోర్టులో అమీనా. సమన్లు పట్టుకుని తలుపు తట్టినప్పుడు, ఇంట్లో ఉండీ లేమనిపించుకున్నవాళ్ళను ఎందరినో చూశాడు. ఆ అనుభవమే ఇప్పుడు ఆయనకు జీవనాధారం. ఎక్కువగా పెళ్ళిసంబంధాల వాకబు. అప్పుడప్పుడూ తప్పిపోయిన మనుషులు. ఆయన సహాయకురాలు ప్రశాంతి డిగ్రీ చదివింది. ఆయన ఏం మాట్లాడినా మనసులో రాసుకునేది. "అబద్ధం చెప్పేవాణ్ణి పట్టుకోవడం తేలికమ్మాయ్. నిజం చెబుతూ ఒక్క ముక్క దాచేవాడే మనకి పని పెడతాడు" అని ఆయన తరచూ అనేవాడు. ప్రశాంతి గురజాల హైస్కూల్లో వీరయ్య మాస్టారి దగ్గర చదువుకుంది. ఆ సంగతి పున్నారావుకు తెలియదు.

"పోలీసులకి చెప్పారా?" అని అడిగాడు బాలశౌరి.

"ఏమని చెప్పేదండీ? మాటలు పోయినయ్యని కంప్లయింటు ఇస్తే నవ్వరూ?" పున్నారావు చేతిగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "ఆస్పత్రిలో మాస్టారి చెయ్యి పట్టుకుని అచ్చేయిస్తానని మాటిచ్చా. ఇప్పుడు ఆయమ్మ మొహం ఎట్టా చూసేది?"

"నకలు లేదా?"

"ఉండె. ఫ్లాపీల్లో ఎక్కించి దాచాం. ఆయుధపూజ గదా అని రబ్బరుస్టాంపులూ, ఫ్లాపీలూ అన్నీ దేవుడి ముందు పెట్టా. పసుపూ కుంకం రాశా. టెంకాయ కొట్టా. దశమి పొద్దున శుభమా అని ఆఫీసు తెరిచాక మావాడు అడిగితే తీసిచ్చా. ఒక్కోదాంట్లోంచి పసుపునీళ్ళు కారుతున్నయ్. ఒక్కటన్నా పనిచెయ్యలా." ఆయన చేతిగుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "తప్పు నాదేనండీ. కానీ అసలుది చెరిపింది మాత్రం నేను కాదు."

బాలశౌరికి మర్నాడు మాచర్లలో ఒక వాయిదా ఉంది. "ముందు నువ్వెళ్ళి అందరూ చెప్పేది విను. వినడమే" అని ప్రశాంతిని ఆఫీసుకు పంపాడు.

నాగులేరు ప్రచురణాలయం అద్దంలా ఉంది. బీరువాలు తుడిచి ఉన్నాయి, కిటికీ ఊచలకు కొత్త రంగు.

"బాగా దులిపారే" అంది ప్రశాంతి.

"పండక్కి నేనే దులిపా మేడం. బూజులు, బీరువాలు, కంప్యూటర్ లోపల పాత చెత్తతో సహా" అన్నాడు వంశీకృష్ణ. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మాటకు ముందు ఒకసారి తండ్రి గది వైపు చూడటం అతని అలవాటు. "ఇది సరిగ్గా చూసుకోకపోతే మిర్చి కొట్లో కూర్చోబెడతానన్నాడు మా నాన్న."

సెల్‌ఫోన్లు నరసరావుపేటలో అప్పుడప్పుడే జేబుల్లోకి వస్తున్న రోజులవి. ఊళ్ళలో ఇంకా తీగల ఫోన్లే. వంశీకృష్ణ ఆమెకు అంతా వివరించాడు. ఇళ్ళ దగ్గర టైపు చేసేవాళ్ళకు కంప్యూటరు ఆఫీసే ఇస్తుంది. దాన్ని ఇంటి ఫోను తీగకు కలుపుతారు. టైపు చేసే మనిషి ఆఫీసు నంబరుకు కాల్ చేసి తన పేరూ పాస్‌వర్డూ ఇస్తుంది. ఆఫీసు మిషను వెంటనే ఆ కాల్ పెట్టేసి, తనలో ముందే రాసిపెట్టి ఉన్న ఆమె ఇంటి నంబరుకు తానే తిరిగి కాల్ చేస్తుంది. అప్పుడే పని మొదలు. అందుకే ఆ మిషన్ని పండగనాడు కూడా ఆపరు.

"అంత తిప్పుడెందుకు?"

"కాల్ ఖర్చు మా మీద పడుద్ది, వాళ్ళ మీద కాదు. రెండోది, పాస్‌వర్డు ఎవడు కొట్టేసినా, ఆ ఇంట్లో కూర్చుంటే తప్ప లోపలికి రాలేడు. అందుకే పీపీ నంబర్లు ఇస్తే పని లేదని అందరికీ చెప్పా."

ఫోను లేనివాళ్ళు పొరుగింటి నంబరునే పీపీ అని రాసి తమదిగా ఇచ్చుకోవడం పల్లెల్లో మామూలు.

"పెళ్ళిపత్రిక మీద పీపీ నంబరు వేసుకుంటే వేసుకోమనండి. నా మిషన్లో కుదరదు" అంటూ వంశీకృష్ణ ఒక కాగితం తీసి ఆమె చేతికిచ్చాడు. మిషను తనలో దాచుకునే కాల్ రికార్డులో ఒక రోజుది. మహర్నవమి, మధ్యాహ్నం. పేరు పూర్ణిమ. తిరిగి కాల్ చేసిన నంబరు చివర 479. చేసిన పని: పదకోశం తొలగింపు.

"పాస్‌వర్డు నెలనెలా మార్చమని నేను గట్టిగా చెప్పలా. నా తప్పు అదొక్కటే మేడం."

టైపు చేసేవాళ్ళ పనులు చూసే నిహారిక మూల బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఆ కాగితం ఆమె దాకా రాలేదు. ప్రశాంతి ఆమె దగ్గరికి వెళ్తే, గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "పూర్ణిమక్క అట్టాంటిది కాదండీ."

"మరి ఎవరంటావ్?"

"నాకు తెలవదు. తప్పంతా నాదేనేమో." కళ్ళు తుడుచుకుని, ఇంకేమడిగినా తల అడ్డంగా ఊపింది.

ప్రశాంతికి విసుగేసింది. అందరూ నాదే తప్పంటారు, చేసిన మనిషి పేరు మాత్రం చెప్పరు. ఆమెకు మాస్టారు గుర్తొచ్చారు. సుద్దపొడి అంటిన వేళ్ళతో, తడబడిన పిల్లల చేత కూడా మాటను పూర్తిగా పలికించేవారు. ఆ మనిషి బతుకంతా పోగేసింది ఎవరో ఒక మధ్యాహ్నం తుడిచేశారు. ఆ ఎవరో పేరు తన చేతిలోని కాగితం మీదే ఉంది.

"ఆ అమ్మాయేనంటారా?" అన్నాడు పున్నారావు, గుమ్మంలో నిలబడి.

"ఇంతకంటే ఏం కావాలండీ? ఆవిడ ఇల్లు, ఆవిడ పేరు, ఆవిడ నంబరు. మాస్టారి పని చెరిపింది ఆవిడే."

వినడమే అన్న మాట ఆమెకు బస్‌స్టాండు దగ్గరికి వచ్చాక గుర్తొచ్చింది. అప్పటికే వంశీకృష్ణ పూర్ణిమ ఇంట్లో ఉన్న ఆఫీసు మిషన్ని తెచ్చెయ్యడానికి ట్రాలీ ఆటో మాట్లాడుకుని మాచవరం బయల్దేరాడు.

మరుసటి ఉదయం జరిగింది విని బాలశౌరి టీ గ్లాసు కింద పెట్టాడు.

"మిషను బజారు మధ్య నుంచి మోసుకొచ్చారా?"

"అవును సార్."

"సరే, పద. మాచవరం పోదాం" అన్నాడు. తిట్టినా బాగుండునని ప్రశాంతికి దారి పొడుగునా అనిపించింది.

పూర్ణిమ ఇల్లు ఏదని ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. వాళ్ళు వీధి మొదట్లో దిగగానే అరుగుల మీది ఆడవాళ్ళు మాటలాపి ఆ ఇంటి వైపే చూశారు. లోపల నులకమంచం మీద పూర్ణిమ అత్తగారు పడుకుని ఉంది. పక్షవాతంతో ఒకవైపు పడిపోయింది గానీ నోరు మాత్రం గట్టిగానే ఉంది.

"రండి నాయనా రండి. నిన్న మిషను పట్టకపోయిరి. ఇయ్యాల మంచం పట్టకపోతారా ఏంది? నన్ను కాస్త దించి పట్టకపోండి."

"అత్తా, ఊరుకో" అంది పూర్ణిమ. ఇరవై అయిదేళ్ళుంటాయి. రాత్రంతా ఏడ్చిన మొహం. పాపం చేసిన దానిలా కళ్ళు నేలకేసి నిలబడింది. భర్త లారీ మీద చెన్నై వెళ్ళాడు, పండక్కి కూడా ఇంటికి రాలేదు.

"నవమినాడు మిషను పూజలో ఉందండీ. పసుపుదారం కట్టి, పూలు పెట్టి, దశమి దాకా ముట్టలా. కావాలంటే వీధంతా వచ్చి చూసిపోయారు, అడగండి."

"పాస్‌వర్డు ఎవరికైనా చెప్పావామ్మా?"

"లేదండీ."

"ఆ రోజు మధ్యాహ్నం మీ ఇంట్లో ఫోను మోగిందా?"

పూర్ణిమ పక్కింటి గోడ వైపు చూసింది. "లేదండీ" అంది.

మూల స్టూలు మీద ఫోను ఉంది. దాని మీద చేత్తో అల్లిన గుడ్డ కప్పి ఉంది. పైన గోడ మీద ఆ ఇంటి నంబరు పెన్సిల్‌తో రాసి ఉంది. చివర 479. ప్రశాంతి గబగబా బాలశౌరి వైపు చూసింది. ఆయన నంబరు కేసి చూడటం లేదు. గుడ్డ అంచు వేలితో ఎత్తి, కింద పేరుకున్న దుమ్ము చూస్తున్నాడు.

"దాన్నేం చూస్తావులే నాయనా" అంది ముసలామె. "చావు కబురు కూడా దాంట్లో రాదు."

"అత్తా!"

సరిగ్గా అప్పుడే గోడ అవతల, పక్కింట్లో ఫోను మోగింది. ఒక ఆడగొంతు గోడ మీదుగా కేకేసింది. "పూర్ణిమా! ఎత్తమంటావా?"

పూర్ణిమ మొహం పాలిపోయింది. "ఎత్తు పిన్నీ, ఎత్తు" అని అరిచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బాలశౌరి ఆ మాట విననట్టే కిటికీ దగ్గరికి నడిచాడు. చట్రానికి చిన్న బెజ్జం. అందులోంచి లోపలికి వచ్చిన తీగ కొస, ఇప్పుడు కలిపే మిషను లేక, గోడకు వేలాడుతూ ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"వస్తామమ్మా" అని మాత్రం అన్నాడు.

పక్కిల్లు పీర్ సాహెబ్‌ది. ముందు గదిలో పరుపుల కొట్టు. బోర్డు మీద పేరు కింద ఫోను నంబరు, చివర 316. పీర్ సాహెబ్ దారం పంటితో తెంపి, వాళ్ళ వైపు చూశాడు.

"మీరేనా ఆ పిల్ల ఇంట్లో మిషను మోయించింది?"

"మాకు ఈ పని అప్పజెప్పినవాళ్ళు" అన్నాడు బాలశౌరి.

"నా కళ్ళ ముందరే కాపరానికొచ్చిందయ్యా అది. ఆ ముసలామెకి నీళ్ళు పొయ్యడం దగ్గరనుంచీ అన్నీ తనే చూస్తది. అసుమంటి దాని మీద దొంగతనం కట్టాలని ఎవరికి నోరొచ్చిందో గానీ, ఆ నోటికి..." ఆయన ప్రశాంతి మొహం చూసి ఆగిపోయాడు. ఆడపిల్ల ముందు తిట్టడం ఇష్టం లేక ఆగాడు. ప్రశాంతి బోర్డు మీది అక్షరాల వైపు చూపు తిప్పుకుంది.

"నవమినాడు కొట్టు తెరిచారా బాబాయ్?" అని అడిగాడు బాలశౌరి.

"పండగ గిరాకీ. పొద్దుటినుంచీ దీపాలు పెట్టేదాకా ఇక్కడే, ఈ ఫోను పక్కనే కూకున్నా."

"మోగిందా?"

"మోగకేం? అన్నీ నేనే ఎత్తా. అన్నిట్లోనూ మనుషులే మాట్లాడారు."

బాలశౌరి మొహంలో మొదటిసారి నవ్వు కనపడింది. "రేపు ఆ అమ్మాయిని తీసుకుని నరసరావుపేట రావాలి బాబాయ్. మీరు చెప్పిందే అక్కడ మళ్ళీ చెప్పాలి."

తిరుగు బస్సులో ప్రశాంతి ఉండబట్టలేక అడిగింది. "మనుషులే మాట్లాడారంటే సార్? ఫోనులో మనుషులు కాక ఇంకెవరు మాట్లాడతారు?"

"ఆ ప్రశ్న బాగుంది. దాన్ని పట్టుకుని ఉండు." ఆయన కిటికీలోంచి పత్తిచేల వైపు చూస్తూ అన్నాడు. "ఈ కేసులో అందరూ తప్పు నాదే అంటున్నారు, చూశావా? రాఘవమ్మగారు, పున్నారావు, నిహారిక, వంశీకృష్ణ. అడగలేదు గానీ పూర్ణిమ కూడా ఏదో ఒప్పుకునేట్టే ఉంది. వీళ్ళలో ఒక్కరు మాత్రం చిన్న తప్పు ఒప్పుకుని దాని వెనక పెద్దది దాచుకున్నారు."

తన పేరు ఆయన కలపలేదు. ప్రశాంతి మనసులో కలుపుకుంది.

మర్నాడు పదకొండింటికి అందరూ ప్రచురణాలయంలో చేరారు. రాఘవమ్మ పున్నారావు పక్కన కుర్చీలో కూర్చుంది. పూర్ణిమ కూర్చోమన్నా కూర్చోక, పీర్ సాహెబ్ వెనక గోడకు ఆనుకుని నిలబడింది. నిహారిక తన బల్ల దగ్గరే ఉంది. వంశీకృష్ణ కంప్యూటరు ముందు కూర్చున్నాడు, ఒక చెయ్యి బల్ల మీద పెట్టి.

"ముందు ఈ కాగితం చదువుతా" అన్నాడు బాలశౌరి. "మహర్నవమి మధ్యాహ్నం పూర్ణిమ పేరుతో ఎవరో కాల్ చేశారు. ఆఫీసు మిషను పెట్టేసి తిరిగి కాల్ చేసింది. ఏ నంబరుకి? చివర 479."

"అదెట్టా?" నిహారిక నోరు జారింది. అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఎట్టా ఏంటమ్మా? అది పూర్ణిమ ఇంటి నంబరేగా?"

నిహారిక పూర్ణిమ వైపు చూసింది. పూర్ణిమ తల దించుకుంది. "అవునండీ. కానీ అది పనిచెయ్యదు. వానల్లో రోడ్డు తవ్వేటప్పుడు తీగ తెగింది. ఎన్నిసార్లు చెప్పుకున్నా ఎవరూ వచ్చి అతకలేదు. పీపీ నంబరు ఇస్తే పని పోద్దని అక్క ఏడ్చింది. అందుకని పీర్ సాహెబ్ గారి నంబరు నేనే మిషన్లో పెట్టా. వంశీ సార్‌కి చెప్పలా. ఆ తీగ మీంచి ఎవరో దూరారేమో, నా వల్లే పోయిందేమోనని ఈ మూడు రోజులూ..."

"పొరుగింటి ఫోను తీగ గోడ మీదుగా లాక్కుంది పూర్ణిమ. పని మొదలుపెట్టే ముందు గోడ మీంచి కేకేస్తుంది. అప్పుడు ఫోను మోగినా వాళ్ళు ఎత్తరు. మోగితే ఎత్తాలా వద్దా అని వాళ్ళు ముందుగా ఈమెనే అడుగుతారు. నిన్న మేమున్నప్పుడు కూడా అలవాటుకొద్దీ అడిగారు." బాలశౌరి పీర్ సాహెబ్ వైపు తిరిగాడు. "పొరపాటున ఎత్తితే ఏం వినపడుద్ది బాబాయ్?"

"కీచుమని ఒకటే గోల. చెవులు చిల్లులు పడతయ్."

"నవమినాడు?"

"చెప్పా గదా. అన్నీ మనుషుల ఫోన్లే. ఒక్కసారి కూడా కీచుమనలా."

బాలశౌరి కాగితం బల్ల మీద పెట్టాడు. "కాబట్టి నవమినాడు ఆఫీసు నుంచి మాచవరానికి మిషను కాల్ రాలేదు. ఈ కాగితం మాత్రం వచ్చిందంటోంది. అదీ తెగిపోయిన తీగకి వచ్చిందంటోంది. అంటే ఈ వాక్యం మిషను రాసింది కాదు, మనిషి రాసింది. రాసినవాడికి నంబరు మారిన సంగతి తెలియదు. అందుకని వానలకి ముందున్న ఒక పాత వాక్యం చూసి దించి, తేదీ మార్చాడు. పూర్ణిమ అయితే పాత నంబరు రాయదు. నిహారిక రాయదు. పున్నారావుగారికి అందులో ఒక్క అక్షరం మార్చడం చేతకాదు."

ఆయన పున్నారావు వైపు తిరిగాడు.

"ఇంకొకటి. మాటలు పోయినట్టు బయటపడింది రాఘవమ్మగారు వచ్చిననాడు, అంటే దశమి మర్నాడు. మరి దశమి పొద్దున్నే నకలు ఫ్లాపీలు అడిగింది ఎవరు పున్నారావుగారూ?"

పున్నారావు నెమ్మదిగా కొడుకు వైపు తిరిగాడు. "ఒరేయ్..."

వంశీకృష్ణ చెయ్యి బల్ల మీంచి జారింది. "పండక్కి అంతా దులుపుతూ మిషన్లో పాతవి కూడా తీసేశా నాన్నా. పూర్ణిమ పేరుతో ఫైళ్ళున్న పెట్టె ఒకటుంది. ఆవిడ టైపు పని అయిపోయి చానా రోజులైంది గదా, పుస్తకం వేరేచోట పెట్టుంటాం, ఇవి చిత్తుప్రతులని తీసేశా. తర్వాత వెతికితే ఇంకెక్కడా లేదు. ఫ్లాపీలు ఉన్నయ్ గదా అనుకున్నా. అవీ పోయినయ్."

"అక్కడితో ఆగితే పొరపాటు" అన్నాడు బాలశౌరి. "ఆవిడ పేరెందుకు రాశావు?"

వంశీకృష్ణ బల్ల మీది కాగితం కేసి చూశాడు. "ఆవిడ తరఫున ఎవరూ రారనుకున్నా."

పున్నారావు లేచి చెయ్యెత్తాడు. రాఘవమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "కొట్టబాకండి. కొడితే వాడికి తేలికవుద్ది." తర్వాత వంశీకృష్ణను అడిగింది. "మళ్ళీ రప్పించలేవా నాయనా? ఎట్టాగైనా?"

"లేదు పిన్నీ. ఎవరన్నా వెతికి బయటికి తీస్తారేమోనని, ఆ కాల్ రికార్డు తప్ప అంతా తుడిచి, దాని మీద వేరేవి నింపా. ఇక రాదు." అప్పుడు ఏడ్చాడతను.

పూర్ణిమ గోడ దగ్గరనుంచి కదల్లేదు. "ప్రతి మాట కిందా చెప్పినోళ్ళ పేరు రాయించేవారు మాస్టారు" అంది, ఎవరి వైపూ చూడకుండా. "ఒక మాట నేను చెప్పా. అది టైపు చేసేటప్పుడు కింద నా పేరూ, మాచవరం అనీ కొట్టుకున్నా. అచ్చులో నా పేరు పడటం అదే మొదలనుకున్నా. ఇప్పుడు అందరి పేర్లూ పోయినయ్. దొంగ అని రాసిన కాడ మాత్రం నా పేరుంది."

ప్రశాంతి తలెత్తలేదు.

"పున్నారావుగారూ" అన్నాడు బాలశౌరి. "మిషను బజారున తీసుకొచ్చారు. తప్పు లేదని ఈ గదిలో చెబితే చాలదు."

రెండు రోజుల తర్వాత, సంత జనం ఉన్న వేళకు, వంశీకృష్ణ ఆ మిషన్ని తన చేతులతో మోసుకుంటూ మాచవరం వీధిలో నడిచాడు. పున్నారావు పరుపుల కొట్టు ముందు నిలబడి, ఆ అమ్మాయి తప్పేమీ లేదని, తప్పు తన కొడుకుదనీ తనదనీ అందరూ వినేట్టు చెప్పాడు. కొందరు విన్నారు. కొందరు అప్పటికే తమకు తోచింది నాలుగూళ్ళలో చెప్పేసి ఉన్నారు.

మిషన్ని తను చూపిన చోట పెట్టించుకుంది పూర్ణిమ. వెంటనే పని మొదలుపెడతానని మాత్రం అనలేదు. రాఘవమ్మ ఆ రోజు ఆ ఇంట్లోనే ఆగిపోయింది. మాస్టారికి మాటలు చెప్పినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ళనైనా మళ్ళీ అడగాలి. మొదట అడిగింది మంచం మీది ముసలామెనే.

"రాసుకోండే" అంది ముసలామె. "తిట్లతో మొదలుపెడతా. అయ్యైతే మర్చిపోను."

పూర్ణిమ నవ్వింది. గుమ్మంలో నిలబడి ఉన్న ప్రశాంతిని చూసి, "లోపలికి రా అక్కా, కూకో" అని స్టీలు గ్లాసుతో మంచినీళ్ళిచ్చింది. పున్నారావు చేత ఆటో పంపించిన మాట ఎవరిదో ఆమెకు ఎవరూ చెప్పలేదు. బాలశౌరి చెప్పలేదు. పున్నారావు తప్పంతా తమ మీదే వేసుకున్నాడు. దారిలో ఎలా మొదలుపెట్టాలో ప్రశాంతి పదిసార్లు అనుకుంది. నీళ్ళు తాగింది. గ్లాసు కడిగి ఇచ్చింది. చీకటి పడకముందే నరసరావుపేట బస్సెక్కింది.

ఆ తర్వాత కూడా ఆమె మాచవరం వెళ్ళింది, పీర్ సాహెబ్ కొట్టు దాకా, ఒకసారి పూర్ణిమ ఇంటి గుమ్మం దాకా. ఆ మాట అన్నది తనేనని పూర్ణిమకు ఇంకా చెప్పలేదు.